ఒక గదికి సరిపడా అప్పు

1949 అక్టోబరు 27, సూర్యాపేట

ఇంటి ఖర్చులు రాయమని మా ఆయన తెచ్చిన పుస్తకం ఇది. ఖర్చు రాయాలంటే ముందు చేతిలో డబ్బుండాలి కదా. అప్పటిదాకా నా మాటలు రాసుకుంటాను. ఆయనకు చదువు రాదు కనుక ఏం రాసినా ఇంట్లో గొడవ రాదు.

సుక్కమ్మ ఇంట్లో కిరాయికి దిగి పది నెలలు దాటింది. తాటాకు కప్పు కింద ఒకటే గది. ఈ వీధి చివరనే మొండిగోడల జాగా ఒకటి అమ్మకానికి వస్తే తీసుకున్నాం. నిరుడు ఊరు తగలబడ్డప్పుడు కాలిపోయిన మా ఇంటి జాగా అమ్మగా వచ్చినదంతా దీనికే సరిపోయింది. గోడలున్నాయి. ముందొక గది, వెనకొక గది. పైన మాత్రం ఆకాశమే ఉంది.

పెంకులు వేయాలంటే అప్పు చేయాలి. తాటాకు అయితే చేతిలో ఉన్నదాంతో అయిపోతుంది. నేను తాటాకు అన్నాను. ఆయన పెంకులు అన్నాడు. అత్తమ్మ ఏమీ అనలేదు.

ఉక్కగా ఉందని అత్తమ్మ ఇవాళ కూడా మంచం బయటే వేసుకుంది. మంచం పక్కన బిందె నిండా నీళ్ళు. అంత దాహం ఏమిటో! ఆ నీళ్ళు చేదబావి నుంచి మోసేది నేను.

అక్టోబరు 29

ఆయనతో మళ్ళీ అదే వాదన. "అందరూ అప్పు చేసే ఇండ్లు కడ్తరు. నీకొక్కదానికే ఏంది గంత భయం?" అన్నాడు.

భయం కాదు, నాకు తెలుసు. మా నాయన కుట్టు మిషన్ కోసం దొర దగ్గర అప్పు తీసుకున్నాడు. వడ్డీ, మిత్తి ఏమీ లేదన్నారు. అప్పు తీరేదాకా గడీలో బట్టలు కుట్టిపెట్టమన్నారు, అంతే. దొరకు, దొరసానికి, వాళ్ళ పిల్లలకు, పెండ్లికొచ్చిన చుట్టాలకు, ఆఖరికి గుర్రం మీద కప్పే బట్టకు కూడా. కూలి ఎంత జమ అయిందని అడిగితే, తర్వాత చూసుకుందాం లేరా అనేవారు. మా నాయన చూపు పోయింది కాని ఆ తర్వాత అనేది రాలేదు.

అందుకే నాకు తాటాకు చాలు. తాటాకు కింద పుట్టినవాళ్ళమే అందరం.

పొయ్యిలోకి సుక్కమ్మ వాళ్ళ దగ్గర నిప్పు తెమ్మంటే అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. తమలపాకుల కోసం బజారుదాకా పోవడానికి మాత్రం ఆ మోకాళ్ళకు ఏమీ కాదు. నిప్పు నేనే తెచ్చుకున్నాను.

నవంబరు 2

తులసీరాం సేటు దుకాణానికి పోయాం. మా ఆయన మిషన్ పెట్టుకుని కుట్టేది ఆ దుకాణం అరుగు మీదే, నెలనెలా అరుగు కిరాయి ఇచ్చి. సేటు మంచివాడు, మర్యాదస్తుడు. నాకు పీట వేయించాడు.

"రెండు గదులకు పెంకులంటే మూడొందలు కావాలె. ఇస్త. నీ దగ్గర మిత్తి తీస్కుంటనా వీరేశం? ఒక్క పైస వద్దు. అప్పు తీరేదాక నా అరుగు మీదనే కుట్టు, నా గిరాకే కుట్టు. గంతే," అన్నాడు.

మా ఆయన ముఖం పెట్రోమాక్సు లైటులా వెలిగిపోయింది. నేను కొంగు సర్దుకుని అడిగాను.

"సేటూ, అంగీకి ఎంత, పైజామాకు ఎంత జమ కడ్తరు?"

"గవన్నీ ఇప్పుడెందుకమ్మా? తర్వాత చూస్కుందం."

నేను లేచి వచ్చేశాను. పీట కూడా జరపలేదు.

నవంబరు 3

ఆయన నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అన్నం మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

నవంబరు 6

ఇవాళ నేనే పోయాను. మా ఆయన అరుగు మీద మిషన్ తొక్కుతూ తల ఎత్తలేదు.

"సేటూ, మిత్తి తీస్కోండ్రి. మనిషిని మాత్రం తీస్కోవద్దు," అన్నాను.

సేటు మొదట నవ్వాడు, తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వీరేశం, నీ భార్య వకీలా ఏందయ్యా? సరే తల్లీ. గట్లయితే నూటయాభై. మిత్తికి అంతకంటే ఎక్కువ ఇచ్చే తాకత్ నాకు లేదు. నెలనెలా కట్టాలె. మీ ఆయన ఎవ్వరికి కుట్టుకున్నా నాకు పరేషాన్ లేదు."

"చాలు సేటూ."

హాలీ సిక్కా రూపాయలు నూటయాభై. కాగితం మీద ఏం రాశారో నేనే చదివి, తర్వాత ఆయనతో వేలిముద్ర వేయించాను. దారి పొడుగునా మా నాయన గుర్తొచ్చాడు. ఇంటికొచ్చి కాస్త బెల్లం నోట్లో వేసుకున్నాను.

నవంబరు 9

లెక్క తేలింది. ముందు గదికి పెంకులు, వెనక వంటింటికి తాటాకు. బజారు వైపు పెంకులు కనిపిస్తే కుట్టించుకునేవాళ్ళు నమ్మకంగా వస్తారు. వంటింటికి ఏ కప్పయితే ఏం, పొయ్యిని చూడటానికి చుట్టాలు రారు కదా. ఈ ఉపాయం నాదే. ఆయన కాసేపు ఆలోచించి, "సరే, వచ్చే ఏడు వంటింటికి గూడ పెంకలేద్దం," అన్నాడు.

రాత్రి అన్నాలప్పుడు అత్తమ్మ అడిగింది.

"వంటింటికి తాటాకేనా?"

"అవునత్తమ్మా. నూటయాభైలో గంతకన్న రాదు."

ఆమె చేయి కడుక్కుంది. పళ్ళెంలో అన్నం సగం అట్లాగే ఉంది. "నేను మిర్యాలగూడకు పోత. పెద్దోని దగ్గర ఉంట. కాటయ్యకు కబురు పెట్టుండ్రి," అంది.

నవంబరు 10

ఎవరింట్లోనైనా ఇంతే. ఎంత చేసినా పెద్దకొడుకు మీదే ప్రేమ. ఊరు వదిలి తలదాచుకున్న క్యాంపులో ఆమెకు జ్వరమొస్తే కాళ్ళు పిసికింది నేను. మా బావగారు కాటయ్య ఒక్కసారి వచ్చి రెండు బత్తాయిలు ఇచ్చిపోయాడు. ఆ బత్తాయిలు ఇంకా కమ్మగా ఉన్నట్టున్నాయి. మిర్యాలగూడలో వాళ్ళది పెంకుటిల్లు మరి. చిన్నకోడలి తాటాకిల్లు కంటికి ఆనుతుందా?

పోనీ. నేను పట్టించుకోను.

నవంబరు 11

పట్టించుకోవడం లేదు.

నవంబరు 16, కోదాడ

బెజవాడ వైపు నుంచి వచ్చే పెంకుల లారీలు కోదాడలో దించుతాయంటే ఆయనా నేనూ బస్సులో వచ్చాం. ఇక్కడ మా చిన్నాయన గౌరయ్య బడిపంతులుగా ఉంటాడు. నన్ను మగపిల్లల పక్కన కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది ఆయనే. అవతలి తాలూకా పిల్లలతో మాట్లాడీ మాట్లాడీ ఆయన మాట సగం ఆంధ్రా మాట అయిపోయింది.

పెంకుల దగ్గర చిన్నాయన ఒక్కొక్కటీ వేలితో కొట్టి చప్పుడు విన్నాడు. చప్పుడు మంచిగా లేనివి పక్కన పడేశాడు. బేరం కూడా ఆయనే చేశాడు. పెంకులు ఒక గదికే తీసుకున్నాం.

భోజనాల దగ్గర అత్తమ్మ సంగతి చెప్పి మొరపెట్టుకున్నాను. అంతా విని చిన్నాయన, "మీ అత్తగారు జగ్గయ్యపేట క్యాంపులో ఎక్కడ పడుకునేదో గుర్తుందా నీకు?" అన్నాడు.

"బండి కింద. తాటాకు షెడ్డులో ఉక్కగా ఉందని."

"వానాకాలంలోనా?"

నేను పులుసు కలుపుకున్నాను. ముసలివాళ్ళకు ఉక్క ఎక్కువ ఉంటుందేమో. మా ఆయన మాత్రం అన్నం మధ్యలో లేచి బయటికి పోయాడు. మజ్జిగ కూడా పోసుకోలేదు.

నవంబరు 17

తిరిగి వచ్చాం. పెంకులు బండి మీద వస్తున్నాయి. కాటయ్య బావ వచ్చే నెల మధ్యలో వచ్చి తల్లిని తీసుకుపోతానని కబురు పంపాడు.

అత్తమ్మ తన రెండు చీరలూ ఉతికి మడతపెట్టుకుంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

నవంబరు 24

బిందె.

నిన్న సాయంత్రం నీళ్ళు తోడి తెచ్చి వంటకు పెట్టుకుంటే అత్తమ్మ ఎత్తుకుపోయి మళ్ళీ మంచం పక్కన పెట్టుకుంది. పొద్దున చూస్తే చుక్క తగ్గలేదు. అడిగితే, "ఉండనియ్యి," అంది.

నవంబరు 28

చలి మొదలైంది. మా ఆయన కొత్త గొంగడి తెచ్చాడు తల్లికి. మంచి నల్లగొంగడి, కురుమవాళ్ళ దగ్గర కొన్నాడు. ఆమె దాన్ని చేత్తో కూడా ముట్టలేదు. "నాకు చలి పెడ్తలేదు. నువ్వే కప్పుకో బిడ్డా," అని కొడుకుతో అంది. పొద్దున లేచేసరికి చీర కొంగులో ముడుచుకుని కోడిపిల్లలా వణుకుతోంది. పంతానికి కూడా ఒక హద్దుండాలి.

గొంగడి నేను కప్పుకున్నాను. వెచ్చగా ఉంది.

డిసెంబరు 1

నిన్నటి జల్లుకు కట్టెలు తడిశాయి. ఇవాళ సాయంత్రం పొయ్యి ఎంత ఊదినా పొగే. విసుగొచ్చి ఎండు తాటిమట్టలు విరిచి దూర్చాను. ఒక్కసారి భగ్గున లేచింది. రవ్వలు పైకి ఎగిరాయి. ఒకటి కప్పుదాకా పోయి, తాటాకు అంచు పట్టుకుని ఎర్రగా మెరిసి ఆరిపోయింది. అంతే జరిగింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్తమ్మ. రెండు చేతులతో బిందె ఎత్తి పట్టుకుని ఉంది. నీళ్ళు తొణికి ఆమె పాదాల మీద పడుతున్నాయి. లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు. పెట్టబోయి, కాలు గాలిలోనే ఆపుకుంది.

"ఆరిపోయిందత్తమ్మా," అన్నాను.

ఆమెకు వినపడలేదు. పోయి బిందె నేనే అందుకున్నాను. వేళ్ళు ఒక్కొక్కటే విడిపించాల్సి వచ్చింది.

ఇన్ని నెలలుగా ఆ నీళ్ళు తాగడానికనుకున్నాను.

బయట మంచం మీద కూర్చోబెట్టాను. గొంగడి తెచ్చి భుజాల మీద వేయబోతే చేయి అడ్డం పెట్టింది.

"వద్దు పిల్లా."

"ఎందుకొద్దు? వణుకుతున్నవ్."

వీధి వైపు చూస్తూ చెప్పింది. నావైపు చూడలేదు. "ఆనాడు మీ మామ మిషన్ బయటేసిండు గద. ఏసి వచ్చి నా పక్కన నిలబడ్డడు. దగ్గుతున్నడు. మంచిగనే ఉండె. నేనే అన్న, అయ్యో గొంగడి లోపలనే ఉండెగదా అని. గంతే అన్న. పొమ్మనలే. గొంగడి ఉండెగదా అన్న."

ఊరు తగలబడిన ఆ రాత్రి మామ బయటికి వచ్చి మళ్ళీ ఎందుకు లోపలికి పోయి కాలిపోయాడో మాకెవరికీ తెలియదు. కత్తెర కోసమని మా ఆయన అనేవాడు. డబ్బుల కోసమని ఊళ్ళోవాళ్ళు అనేవారు.

"ఎవ్వరికి చెప్పలే," అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు. నా తలమీద చెయ్యి వేసి, "పొయ్యి మీద ఏముందో సూడు, మాడుతది," అంది. అన్నం మాడిపోయింది అప్పటికే. ముగ్గురం అదే తిన్నాం.

డిసెంబరు 2

వంటింటికి తాటాకు అన్నది నేను. ఉపాయం నాదే అని ఇదే పుస్తకంలో గొప్పగా రాసుకున్నాను కూడా. నిప్పు ఉండే గదికి తాటాకు, చుట్టాలు కూర్చునే గదికి పెంకులు. ఆమె సగం అన్నం వదిలి లేచినప్పుడు నాకు బత్తాయిలు గుర్తొచ్చాయి. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

డిసెంబరు 3

ఆయనతో చెప్పాను. గొంగడి మాట చెప్పలేదు, అది ఆమెది. "అత్తమ్మ తాటాకు కింద పండుకోదు. తాటాకు పక్క గదిల గూడ పండదు," అన్నాను.

"నాకెర్క."

"ఎర్కనా?"

"క్యాంపుల సూడలేదా? వానల తడుసుకుంట బండి కింద పన్నది. అందుకే గద మూడొందలు తీస్కుందమన్న. పదేండ్లు సేటు అరుగు మీద కుట్టినా పర్వాలేదనుకున్న. అమ్మ లోపల పంటె సాలు."

"మరి నాకు చెప్పొద్దా?"

"చెప్పబోతే మీ నాయన సంగతి తీస్తివి. నీకు మీ నాయన, నాకు మా అమ్మ. ఎవ్వరి దిక్కు మాట్లాడాలె నేను?"

ఇన్నాళ్ళూ ఆయనకు పెంకుల మోజు అనుకున్నాను. వీధిలో నలుగురి ముందు గొప్పకని. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మనిషి మాట్లాడకపోతే ఏం తెలుస్తుంది? మాట్లాడకపోవడంలో నేనూ తక్కువ తినలేదు.

"రేపు సేటు దగ్గరికి పోత. పాత మాట మీదికే పోదం," అన్నాడు.

నిద్ర రాక ఆలోచిస్తూనే ఉన్నాను. అటు మా నాయన, ఇటు అత్తమ్మ. ఎవర్ని పక్కన పెట్టాలో తెలియలేదు.

డిసెంబరు 4

పొద్దున్నే ఆయన సేటు దగ్గరికి పోకముందే చేయి పట్టుకుని మొండిగోడల దగ్గరికి తీసుకుపోయాను.

"వెనక గది వద్దు. కూలగొట్టుదం," అన్నాను.

ఆయన నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. "ఇల్లు కట్టుకునుడా, కూలగొట్టుకునుడా?"

"నూటయాభై అప్పు ఎంత గదికి వస్తదో గంతే ఇల్లు. ఒకటే గది. ఆ రాళ్ళతోటి ఈ గోడలు ఇంకింత లేపుదం, కప్పు ఎత్తుల ఉంటది, రవ్వలందవు. పొయ్యి ఈ మూలకు. మిషన్ ఆ మూలకు. తాటాకన్నది ఎక్కడ కనపడొద్దు."

"మిషన్ కాడ పొయ్యా? కుట్టిచ్చుకున్నోళ్ళ అంగీలకు పోపు వాసనొస్తది."

"వస్తే ఎండకేస్త. పోపు వాసనకు ఎవ్వరూ సావలే."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఇద్దరికీ మామ గుర్తొచ్చాడు. తర్వాత ఆయన పోయి వెనక గోడ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఆ గదిలో ఎప్పటికైనా ఇంకో మిషన్ పెట్టాలని ఆయన ఆశ. చాలాసార్లు చెప్పాడు. వంగి ఒక రాయి కదిలించి చూశాడు.

"గట్టిగనే ఉన్నది," అన్నాడు. "గడ్డపార తెస్త."

డిసెంబరు 8

వెనక గది పోయింది. ముందు గోడలు నా తలకంటే చాలా పైకి లేచాయి. సుక్కమ్మ వచ్చి చూసి, "రెండు గదులు ఒకటి జేస్తున్నరు, మీకేమన్న పురుగు గుట్టిందా?" అంది. అవునన్నాను.

అత్తమ్మ రాలేదు. చూడటానికి రమ్మంటే మోకాళ్ళ నొప్పులు.

డిసెంబరు 15

పెంకులు పరిచారు. చిన్నాయన ఏరిన పెంకుల్లో రెండే పగిలాయి.

కాటయ్య బావ మధ్యాహ్నం బస్సు దిగాడు. దారిలో కొత్తిల్లు చూసి వచ్చి, "గింత ఇంట్ల ముగ్గురా? అమ్మా, నడువు," అన్నాడు. అత్తమ్మ మూట పట్టుకుని ఆయన వెనక నడిచింది. మా ఆయన కత్తెరకు నూనె వేస్తూ కూర్చున్నాడు. నేను వాకిట్లో నిలబడ్డాను. తర్వాత వాళ్ళ వెనకే నడిచాను.

కొత్తింటి ముందుకు వచ్చాక ఆమె ఆగింది. తల ఎత్తి కప్పు చూసింది, ఆ మూల నుంచి ఈ మూలదాకా. తర్వాత వెనక వైపుకు పోయింది. వంటిల్లు ఉండాల్సిన చోట ఏమీ లేదు, తవ్వి చదును చేసిన మట్టి తప్ప.

"వంటిల్లేది?" అంది.

"లోపలనే అత్తమ్మా. అంత పెంకల కిందనే."

ఆమె మూట దించింది. "కాటయ్యా, అన్నం తిని పో. నేను మల్లెప్పుడన్న వస్త," అంది.

బావగారికి కోపం వచ్చింది. అన్నం మాత్రం తిన్నాడు. వీళ్ళ వంశంలో కోపానికీ అన్నానికీ సంబంధం లేదు.

డిసెంబరు 22

ఇవాళ కొత్తింట్లోకి వచ్చాం. పాలు పొంగించడానికి పొయ్యి అలికి, ముగ్గు వేసి, నిప్పు కోసం సుక్కమ్మ ఇంటికి పోబోతే అత్తమ్మ లేదు. ఎక్కడికి పోయిందోనని వీధిలోకి చూశాను.

సుక్కమ్మ ఇంట్లోంచి వస్తోంది. పగిలిన కుండ పెంకులో పిడక ముక్క, దానిమీద నిప్పుకణిక. గాలికి ఆరకుండా ఇంకో చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎంత మెల్లగా నడిచిందంటే, నేను ఎదురుపోయి అందుకోవాలనుకున్నాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

గడప దగ్గర నిలబడింది. పైకి చూసింది. ఒక కాలు లోపల పెట్టింది, తర్వాత రెండోది. పొయ్యిలో నిప్పు దించి ఊదింది.

పాలు పొంగాయి. వీధిలో అందరికీ పరమాన్నం పంచాం. సేటు కూడా వచ్చి తిన్నాడు, మిత్తి సంగతి ఎత్తలేదు.

రాత్రికి మంచం ఎక్కడ వేయాలని అడిగాను. ఆమె తానే వేసుకుంది, గడప మీద అడ్డంగా. తల లోపల, కాళ్ళు బయట. బిందె కాళ్ళ దగ్గర.

"తలుపు పడదు గదనే," అన్నాడు మా ఆయన.

"పడకపోతె పాయె," అన్నాను నేను. ఇల్లంతా చలి. గొంగడి తీసి ఆమె మీద వేయలేదు. మంచం పక్కన మడతపెట్టి ఉంచాను, చేతికి అందేటట్టు.

డిసెంబరు 24

తల లోపల, కాళ్ళు బయట. ఇద్దరం జలుబుతో ముక్కులు చీదుతున్నాం. అత్తమ్మకు ఏమీ లేదు.

డిసెంబరు 27

సేటుకు మొదటి నెల డబ్బు కట్టి వచ్చాం. మా ఆయన అరుగు మీద నుంచి మిషన్ నిన్ననే ఎత్తుకొచ్చాడు. పొద్దున కుట్టిన అంగీకి నిజంగానే పోపు వాసన. ఎండకు వేశాను.

సాయంత్రం చూస్తే మంచం ఇంకాస్త లోపలికి జరిగింది. పాదాలు మాత్రం బయట.

డిసెంబరు 30

పొద్దుగూకాక పొయ్యి దగ్గర గిన్నెలు సర్దుతున్నాను. బిందె మంచం దగ్గర లేదు, నీళ్ళ గోలెం పక్కన ఉంది. నేను పెట్టలేదు. మా ఆయన కూడా పెట్టలేదట.

అత్తమ్మ మంచం మీద నుంచి, "జానమ్మా, చలి పెడ్తుంది. గా గొంగడి ఇటియ్యి," అంది.

ఇచ్చాను. ఆమె దాన్ని కాసేపు ఒడిలో పెట్టుకుని నిమిరింది. తర్వాత కప్పుకుంది.

ఇవాళ తలుపు వేశాం.